గేటుదాకా

"అసలు నిన్నెవరు నడవమన్నారు?"

అన్నయ్య పొద్దుటినుంచి ఇదే అడుగుతున్నాడు. హాల్లో అడిగాడు, మెట్లమీద అడిగాడు, ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర కంచం పక్కకు నెట్టి మరీ అడుగుతున్నాడు.

"ఎవరూ అనలేదు. కాళ్ళున్నాయి కదా, నడిచాయి," అంది చిన్నది.

అమ్మకు నవ్వొచ్చింది. బఠానీలు ఒలుస్తున్న గిన్నెలోకి తల వంచి దాచుకోబోయింది గాని, కొడుకు చూడనే చూశాడు.

"నవ్వమ్మా, నువ్వూ నవ్వు. ఊరంతా నవ్వుతోందిగా, మనం మాత్రం ఎందుకు వెనకబడాలి?"

హాల్లో మళ్ళీ ఫోను మోగింది. ఎవరూ లేవలేదు. లేచి ఎత్తినా కొత్తగా వినేదేమీ లేదు. పొద్దుటినుంచి అవతలివాళ్ళు ఎవరైనా మాట ఒక్కటే: "అయితే ఈసారి టీచరమ్మేనా?"

ఈ ఇంటి పద్ధతి ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రంగుల ఫ్యాక్టరీ పెద్దాయన ఏ ఎన్నికల్లో ఎవరికి డబ్బిచ్చి అండగా నిలబడేదీ నోటితో ఏనాడూ చెప్పలేదు. ఆయన ముందుగదికి వచ్చిన నాయకుడు సెలవు తీసుకునేటప్పుడు కుర్చీలోంచే తలాడించాడంటే పని కాలేదని అర్థం. లేచి మెట్లదాకా వచ్చాడంటే ఇంకా ఆలోచిస్తున్నాడని. మెట్లు దిగి, కంకర బాట మీదుగా గేటుదాకా సాగనంపాడంటే ఇక తిరుగులేదు, ఈసారికి ఆ మనిషే.

గేటుకు ఎదురుగా ఒక టీకొట్టు, ఒక జిరాక్సు షాపు, తాళాలు బాగుచేసేవాడి బడ్డీ ఉన్నాయి. ఎన్నికల రోజుల్లో ఆ ముగ్గురికీ వ్యాపారం మీదకంటే గేటు మీదే ధ్యాస. పెద్దాయన గేటుదాకా వచ్చాడన్న కబురు ఆ మూడు కొట్లనుంచి బయలుదేరితే, చీకటి పడేలోగా ఊళ్ళో డబ్బున్నవాళ్ళందరూ అటువైపే వంగేవారు.

పోయిన వారం పెద్దాయన ఫ్యాక్టరీని కొడుక్కి వదిలేశాడు. అది అందరూ అనుకున్నదే. కానీ ముందుగదిని కూతురికి ఇస్తాడని మాత్రం ఎవరూ కలగనలేదు. "ఇకమీదట ఎవరికివ్వాలో, ఎవరికి వద్దో చిన్నది చూసుకుంటుంది," అని భోజనం మధ్యలో చెప్పి, మంచినీళ్ళు తాగి లేచిపోయాడు. చిన్నది అప్పటిదాకా ఫ్యాక్టరీ ల్యాబులో రేకుముక్కల మీద రంగులు పూసి, ఎంతసేపటికి ఆరుతున్నాయో, ఎండకు ఎలా వెలుస్తున్నాయో చూసుకుంటూ కడుపులో చల్ల కదలకుండా బతుకుతోంది. రాజకీయాల్లో ఆమెకున్న అనుభవమల్లా ఏ పార్టీ జెండా రంగు ఎండకు త్వరగా పాలిపోతుందో తెలియడమే.

ఆమెను ఇంట్లో అందరూ చిన్నది అంటారు గాని, తండ్రి ఒక్కడూ "ఎందుకమ్మ" అంటాడు. మాటలు వచ్చిన రోజునుంచీ ఆమె ఆ ఒక్క మాటతోనే ఇంటిల్లిపాదినీ కాల్చుకు తింది మరి.

అటువంటి మనిషి ఈ పొద్దున మొట్టమొదటిసారి ముందుగదిలో కూర్చుని, మొట్టమొదటి అతిథిని గేటుదాకా సాగనంపి వచ్చింది. ఆ అతిథి ఏ పార్టీ పేరూ లేకుండా, ఉద్యోగం మానేసి, ఎన్నికల్లో ఈ ఊరి మంత్రిగారి మీద పోటీకి నిలబడిన లెక్కల టీచరమ్మ.

"సాయంత్రం మంత్రిగారు వస్తారు," అన్నాడు అన్నయ్య గొంతు తగ్గించి. అరిచేటప్పటికంటే తగ్గించినప్పుడే అతనితో ప్రమాదం. "ఆయన్ని నువ్వే గేటుదాకా సాగనంపు. నవ్వుతూ నడువు. అంతటితో పొద్దుటిది చెరిగిపోతుంది."

"ఒకేరోజు ఇద్దరిని సాగనంపితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"కొత్త కదా, తెలియక చేసింది, ఇంట్లో పెద్దవాళ్ళు దిద్దారు అనుకుంటారు."

"అంటే నాకేం తెలియదని నేనే ఊరందరికీ చూపించుకోవాలా?"

"తెలియదు కాబట్టే కదా ఇంత గొడవ! కొత్త ప్లాంటు అనుమతి కాగితం ఆయన బల్లమీద ఉంది. దాన్ని నమ్ముకొని మనుషుల్ని తీసుకున్నాను నేను. వాళ్ళకేం చెప్పమంటావ్? మా చెల్లెలు సరదాగా నాలుగడుగులు వేసింది, మీరు ఇళ్ళకు వెళ్ళండి అని చెప్పనా?"

అన్నయ్య కోపం వెనక ఉన్న భయం చిన్నదానికి కొత్తగా కనిపించింది. ఇన్నాళ్ళూ అన్నయ్యకు కోపం తప్ప భయం ఉంటుందని ఆమె అనుకోలేదు.

"ఇంతకీ ఆ టీచరమ్మ ఏమడిగిందే?" అంది అమ్మ.

"ఏమీ వద్దంది."

అమ్మ చేతిలో బఠానీ కాయ అలాగే ఉండిపోయింది.

* * *

నిజంగానే ఏమీ వద్దంది. అక్కడే చిన్నది ఇరుక్కుపోయింది.

పొద్దున టీచరమ్మ వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు, ఎంత కావాలి అని ఎలా అడగాలో చిన్నదానికి తెలియలేదు. నాన్న ఎలా అడిగేవాడో ఎప్పుడూ విననే లేదు. అందుకని "కాఫీ తాగుతారా?" అంది.

"తాగుతాను. కాఫీ తప్ప ఇంకేమీ వద్దు."

"మరెందుకొచ్చారు?"

"అదే చెప్పిపోదామని. నాకు ఇవ్వొద్దు. మంత్రిగారికీ ఇవ్వొద్దు. ఈ ఒక్కసారికి ఎవరికీ ఏమీ ఇవ్వకుండా ఊరుకోగలరా?"

"ఊరుకుంటే ఏమవుతుంది?"

"నాకూ తెలీదండీ," అని నవ్వింది టీచరమ్మ. "మా క్లాసులో పిల్లలు తెలియనిది ఏదైనా వస్తే, చేసి చూద్దాం టీచర్ అంటారు. మీరు కూడా ఒకసారి చేసి చూడండి."

ల్యాబులో పెరిగిన మనిషి దగ్గర అనవలసిన మాటా అది? ఇక చిన్నదాన్ని ఆపడం ఎవరి తరం? మైకులూ బస్సులూ లేకపోతే మీటింగులకు ఎవరొస్తారు? వచ్చినవాళ్ళు నిజంగా వింటారా? గోడలమీద బొమ్మలు లేకపోతే ఎవరు నిలబడ్డారో జనానికి ఎలా తెలుస్తుంది? ఒకదాని వెనక ఒకటి అడుగుతూనే ఉంది. టీచరమ్మ తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియవంది. లేచి బయలుదేరినా మాటలు తెగలేదు. గుమ్మం దాటారు, మెట్లు దిగారు, కంకర మీద చెప్పులు చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

చిన్నది తలెత్తి చూసేసరికి గేటు రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. వాటితోపాటు వాచ్‌మన్ నోరు కూడా. ఎదురుగా తాళాలవాడు ఆకురాయి గాల్లో పట్టుకొని అలాగే చూస్తున్నాడు.

అప్పటికి గాని తానెక్కడ నిలబడి ఉందో ఆమెకు తెలియలేదు.

* * *

అన్నయ్య చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. హాల్లో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి చిన్నదే ఎత్తింది.

"నేనండీ," అంది అవతలి గొంతు. పొద్దుటి నవ్వు అందులో లేదు. "మీకు నేనేం అపకారం చేశాను?"

"టీచరుగారూ..."

"ఇన్నాళ్ళూ నన్ను చూసి మొహం తిప్పుకున్న పెట్రోలు బంకాయన కారు పంపిస్తానంటున్నాడు. మా వీధిలోవాళ్ళు వచ్చి, పెద్దింట్లో మావాడికి ఉద్యోగం చెప్పించమంటున్నారు. నాతో ఇల్లిల్లూ తిరిగే ఆడపిల్లలు నలుగురూ ఇందాకటినుంచి రావడం మానేశారు. మీరూ అంతేనా టీచర్ అని అడిగి మరీ వెళ్ళారు."

"నేను కావాలని చెయ్యలేదండీ. మాటల్లో పడి..."

"నేను లెక్కలు చెప్పేదాన్ని. సున్నా విలువేమిటో నాకు తెలుసు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని చెప్పుకోవడం తప్ప నాకు ఇంకో బలం లేదు. పొద్దున మీరు అది కాస్తా ఊడ్చేశారు."

చిన్నదానికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. తన నాలుగు అడుగులు ఇంట్లో రేపిన గొడవ సంగతే ఇప్పటిదాకా ఆలోచించింది. గేటు అవతలికి వెళ్ళిన మనిషి ఏమైందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"ఏం చెయ్యమంటారు చెప్పండి."

"నన్నడుగుతారేమిటి? ముందుగది ఇప్పుడు మీదంటగా."

అటువైపు ఊపిరి వినిపిస్తోంది. పెట్టెయ్యలేదు, వింటోంది. చిన్నది ఫోను తీగ వేలికి చుట్టుకుంది. తర్వాత ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పింది.

"ఈసారి ఈ ఇంటినుంచి ఎవరికీ ఏమీ వెళ్ళదు. మీకు వెళ్ళదు, మంత్రిగారికీ వెళ్ళదు. రేపు ఆ మాట నేనే అందరికీ చెప్తాను. నా మాట నమ్మండి."

"మీ మాట నిలబడుతుందా?" అంది టీచరమ్మ. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"నిలబెడతాను."

ఫోను పెట్టి వెనక్కి తిరిగితే అమ్మ గుమ్మంలో ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"వెళ్ళి మీ నాన్నతో మాట్లాడవే," అంది. "ముందు మాట్లాడు, తర్వాత మాటలివ్వు. నువ్వన్నీ తిరగేసే చేస్తావు."

* * *

పెద్దాయన పెరటి వరండాలో కిటికీ ఊచలకు రంగు వేస్తున్నాడు.

కుర్చీ దిగిన రోజునుంచి ఆయన పని ఇదే. ఊళ్ళో సగం గోడలకు ఆయన ఫ్యాక్టరీ రంగే ఉంటుంది గాని, బ్రష్షు పట్టడం ఆయనకు చేతకాదు. ఊచలకంటే గచ్చుకే ఎక్కువ పడుతోంది. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

"చిక్కగా ఉంది నాన్నా. కాస్త పలచన చెయ్యాలి," అంది చిన్నది పక్కన చతికిలబడి.

"ఆరనీ, అదే సర్దుకుంటుంది."

"సర్దుకోదు. కారుతుంది."

పెద్దాయన బ్రష్షు డబ్బా అంచుకు రాశాడు. పొద్దుటి సంగతి ఎత్తలేదు. కోపం వచ్చిందో, నవ్వొచ్చిందో మొహం చూసి కనిపెట్టడానికి వీల్లేదు. ఇన్నేళ్ళుగా ఎంతోమంది నాయకులు ఆ మొహం ముందు కూర్చుని ఓడిపోయారు.

"తిట్టరా నన్ను?"

"కుర్చీ నీది. నీ ఇష్టమొచ్చినంత దూరం నడు."

"నాన్నా, అసలు గేటుదాకానే ఎందుకు?"

ఆయన పెదవుల చివర ఏదో కదిలింది. "అడగనే అడిగావూ? ఎన్నాళ్ళకు అడిగావే ఎందుకమ్మా!"

"చెప్పండి మరి."

"మొదటిసారి నేనూ ఊరికే నడిచాను. గేటు గొళ్ళెం పడటం లేదని మీ అమ్మ ఒకటే పోరు. ఏమైందో చూద్దామని వెళ్ళాను. అప్పుడే ముందుగదిలోంచి ఎన్నికల్లో నిలబడ్డ ఒక కుర్రాడు బయలుదేరాడు, నా పక్కనే నడిచాడు. పేరు కూడా గుర్తులేదు నాకు. మర్నాటికి ఊరంతా అతని వెనక ఉంది. గెలిచాడు."

"మీరేమీ అనలేదా?"

"అనలేదు. కాదంటే నవ్వులపాలవుతాను. ఊరుకుంటే పెద్దమనిషినవుతాను. ఊరుకున్నాను."

చిన్నది నోరు తెరుచుకుని వింది. చిన్నప్పుడు మేడమీది కిటికీలోంచి ఆ నడకను చూసి, నాన్న ఆ బాటంతా ఏవో గొప్ప రహస్యాలు చెబుతాడని అనుకునేది. దానికి మొదలు పడని గొళ్ళెం! నవ్వాలో, నిట్టూర్చాలో తెలియలేదు. ఆయన మాత్రం ఎన్నడూ లేనంత ముద్దొచ్చాడు.

"నాన్నా, ఈసారి ఎవరికీ ఇవ్వకపోతే ఏమవుతుంది?"

బ్రష్షు ఆగింది. రంగు బొట్టు ఒకటి జారి ఆయన పంచె మీద పడింది. చూసుకోలేదు.

"నాకు తెలీదు."

"తెలుసుకోవాలని లేదా?"

"నాకెప్పుడూ లేదు. నీకుంది. అందుకే ఆ కుర్చీ మీ అన్నకు కాకుండా నీకిచ్చాను."

అయితే నాన్న తన పక్షమే! టీచరమ్మకు ఇచ్చిన మాట చెప్పేసింది. అన్నయ్య ప్లాంటు సంగతి మంత్రిగారితో విడిగా మాట్లాడతానంది. ఇంకా ఏమేమో చెప్పింది. పెద్దాయన వింటున్నాడు. మధ్యలో రెండుసార్లు ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, మళ్ళీ ఊచల వైపు తిరిగాడు.

"ఏమిటి నాన్నా?"

"ఏం లేదు. ఆయన వచ్చే వేళవుతోంది. వెళ్ళి మొహం కడుక్కో."

* * *

మంత్రిగారిని ఊళ్ళో సరేసరే మంత్రి అంటారు. ఎవరేమడిగినా సరే సరే అనడం ఆయన అలవాటు. ఉద్యోగం కావాలంటే సరే, బదిలీ కావాలంటే సరే, చనిపోయినవాణ్ణి బతికించమన్నా ముందు సరే అని, తర్వాత ఆలోచించే మనిషి. ఆయన నోట కాదన్న మాట విన్నవాళ్ళు లేరు.

ఆయన కారు వచ్చేసరికి టీకొట్టు దగ్గర జనం మామూలుకంటే ఎక్కువే ఉన్నారు. జిరాక్సు షాపు ఆయన కుర్చీ బయట వేసుకున్నాడు.

ముందుగదిలో పెద్ద కుర్చీలో చిన్నది కూర్చుంది. ఎదురుగా సోఫాలో మంత్రిగారు, కిటికీ పక్కన అన్నయ్య. పెద్దాయన పంచె మార్చుకొని వచ్చి, గోడవార ఒక మామూలు కుర్చీలో చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకొని కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన్ని ఆ మూల చూడటం అందరికీ కొత్తే. అమ్మ కాఫీ ఇచ్చి వెళ్ళిందన్నమాటే గాని తలుపు వెనకనుంచి కదలలేదు.

"బాబాయిగారూ, పొద్దున జరిగింది వినే ఉంటారు," అని మొదలుపెట్టింది చిన్నది.

"విన్నానమ్మా, విన్నాను. చిన్నపిల్లవి. పరవాలేదు."

"టీచరుగారికి మేమేమీ ఇవ్వడం లేదు. ఆవిడ అడగలేదు కూడా."

"సరే సరే. నాకు తెలుసుగా."

"మీకూ ఇవ్వడం లేదు."

అన్నయ్య కప్పు సాసరులో గట్టిగా చప్పుడైంది. మంత్రిగారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కాఫీ ఒక గుక్క తాగి, మీసం తుడుచుకున్నాడు.

"సరే సరే," అన్నాడు.

చిన్నది ఎన్నో మాటలు కూడగట్టుకుని కూర్చుంది. ఆయన కోప్పడితే ఏమనాలో, బతిమాలితే ఏమనాలో అన్నీ అనుకుంది. సరే అంటే ఏమనాలో అనుకోలేదు.

"మీకు కోపం రాలేదా?"

"కోపమెందుకమ్మా? ఇవ్వాల్సింది నాన్నగారు పోయిన నెల్లోనే ఇచ్చేశారుగా. అంతా సర్దేసే కుర్చీ దిగారు వారు. నేనిప్పుడు వచ్చింది దానికోసం కాదు. పొద్దుటి అడుగులు దిద్దుకోవడానికి నీకొక దారి చూపిద్దామని వచ్చాను. ఇంటి ఆడపడుచువి కదా."



మొదట తేరుకున్నది అన్నయ్య. "పోయిన నెల్లోనా? నాకు చెప్పలేదేం నాన్నా? నేనిక్కడ పొద్దుటినుంచి చస్తుంటే!"

పెద్దాయన చేతికర్ర పిడి వైపు చూస్తూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

ఎవరికీ ఏమీ వెళ్ళదని చిన్నది టీచరమ్మతో అంది. నమ్మమని కూడా అంది. అది అనేసరికే అంతా వెళ్ళిపోయి ఉంది. తను కూర్చున్న కుర్చీ ఒట్టి కుర్చీ.

"నాన్నా," అంది చిన్నది. "నామీద నమ్మకం లేకనా?"

"అది కాదమ్మా."

"మరెందుకు?"

ఈసారి ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

"ఇన్నేళ్ళూ నా చేతులమీదుగా జరిగింది," అన్నాడు పెద్దాయన. "ఒక ఎన్నిక నేను లేకుండా జరిగిపోతుందంటే తట్టుకోలేకపోయాను. ఇదొక్కటీ అయిపోతే తర్వాతవన్నీ నీవే కదా అనుకున్నాను. పెరట్లో చెబుదామనే చూశాను. నువ్వంత సంబరంగా చెబుతుంటే నోరు రాలేదు."

ఆమెకు ఆయన మీద జాలేసింది. జాలితోపాటు మంట కూడా పుట్టింది. రెండింటిలో ఏది ఎక్కువో ఆమెకే తెలియదు. తలుపు వెనక అమ్మ గాజులు ఒకసారి కదిలాయి.

"బాబాయిగారూ," అంది మంత్రిగారి వైపు తిరిగి. "అది తిరిగి పంపించేయండి."

మంత్రిగారు అలవాటు చొప్పున "సరే" అన్నాడు. రెండో సరే గొంతులోనే ఆగిపోయింది. కప్పు బల్లమీద పెట్టాడు.

"ఏమన్నావమ్మా?"

"నాన్నగారిచ్చింది తిరిగి పంపమంటున్నాను."

"ఇచ్చింది వెనక్కి అడగడమా? ఇదెక్కడి మర్యాద? మీ నాన్నగారి పరువేం కావాలి?"

"నాకూ కొత్తే. ఎలా అడగాలో తెలియక ఇలా అడుగుతున్నాను. ఈ గదినుంచి ఈసారి ఎవరికీ ఏమీ వెళ్ళదని మాటిచ్చాను. గది నాదైతే మాట కూడా నాదే."

"పంపకపోతే?"

అన్నయ్య కిటికీ దగ్గర లేచి నిలబడ్డాడు. "ఇక చాలు, ఊరుకో," అన్నాడు. ఆమె అటు చూడలేదు.

"రేపు పొద్దున నేను గేటు బయటికి వెళ్తాను. టీకొట్టు ముందు నిలబడి, మా ఇంటినుంచి ఎవరికి ఏం అందిందో నోటితో చెప్తాను. మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎవరూ చెయ్యని పని అది. చేస్తే ఏమవుతుందో నాకూ తెలీదు."

సరేసరే మంత్రి మొహంలో మొదటిసారి నవ్వు లేదు. ఆయన ఆమెతో ఇక మాట్లాడలేదు. సోఫాలోంచి లేచి, భుజం మీది కండువా సర్దుకొని, గోడవారకు చూశాడు.

"అన్నగారూ, నేను వెళ్ళొస్తాను. ఇన్నేళ్ళ స్నేహం మనది. ఈ ఇంటి మాట ఎవరిదో పిల్లలకు కాదు, ముందు నాకు తెలియాలి. నన్ను సాగనంపుతారా?"

కిటికీలోంచి కంకర బాట, బాట చివర గేటు, గేటు అవతల జనం కనిపిస్తున్నారు. టీకొట్టు ఆయన గ్లాసులు కడగడం ఆపేశాడు. ఇప్పుడు పెద్దాయన ఆ బాట మీద నాలుగడుగులు వేస్తే చాలు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. కూతురి కుర్చీ, కూతురి మాట, అటు టీచరమ్మ నమ్మకం, అన్నీ ఆ అడుగులతోనే అయిపోతాయి. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. పెద్దాయనకు అందరికంటే బాగా తెలుసు.

ఆయన కర్ర ఊతంగా లేచాడు. మోకాళ్ళు మొరాయించాయి. మంత్రిగారు చెయ్యి అందించాడు. ఆయన ఆ చెయ్యి తీసుకోకుండా మంత్రిగారి భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ గుమ్మం వైపు కదిలారు. అన్నయ్య పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

"నాన్నా."

చిన్నది లేవలేదు. పెద్ద కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. ఆమెకు బుద్ధి తెలిసినప్పటినుంచి ఆ ఇంట్లో ఆయనతో ఎవరూ అనని మాట ఒకటి అనేసింది. అమ్మ కూడా అనలేదు.

"కూర్చోండి నాన్నా."

పెద్దాయన గుమ్మంలో ఆగాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన చెయ్యి ఇంకా మంత్రిగారి భుజం మీదే ఉంది.